ముఖానికి వంటింటి పూత: ఏది నప్పుతుంది, ఏది నప్పదు



పండగ దగ్గర పడినా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా, సెలవు రోజున కాస్త తీరిక దొరికినా మన ఇళ్లలో శనగపిండి డబ్బా, పెరుగు గిన్నె, పసుపు సీసా ఒకచోటికి చేరతాయి. అమ్మాయిలు ఫేస్ ప్యాక్ అంటారు, పెద్దవాళ్లు పూత అంటారు. ఇప్పుడు అబ్బాయిలు కూడా వేసుకుంటున్నారు, మంచిదే. ఇవాళ ఆ పూతల గురించి మాట్లాడుకుందాం. ఏ సరుకు ముఖం మీద ఏం పని చేస్తుందో, దేన్ని ఎంత కలపాలో, వంటింట్లోనే ఉన్నా ముఖం దాకా రానివ్వకూడనివి ఏవో చెబుతాను. మధ్యలో మూడు మిశ్రమాల కొలతలు కూడా వస్తాయి. రాసుకునేవాళ్లు కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఒక సంగతి. వంటింటి పూత చేయగలిగిన పనులు మూడే. ఒకటి, ముఖం మీది జిడ్డు తీయడం. రెండు, పైన పేరుకున్న మృతకణాలను వదిలించడం. మూడు, చర్మంలో కాసేపు తడి నిలపడం. ఈ మూడూ చక్కగా చేస్తుంది. రంగు మార్చడం మాత్రం దాని వల్ల కాదు. మన ఒంటి రంగు మెలనిన్ అనే పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఆ మెలనిన్ తయారయ్యేది చర్మం లోపలి పొరల్లో. ఎంత శనగపిండి రుద్దినా అక్కడిదాకా పోదు. పూత కడిగాక ముఖం తేటగా కనిపిస్తుంది, నిజమే. జిడ్డు, మురికి, మృతకణాలు పోయి వెలుతురు ముఖం మీద సమంగా పడుతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. అది తేటదనం, తెల్లదనం కాదు. దేశమంతా పేరు తెలిసిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కూడా 2020లో ‘ఫెయిర్’ అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. మన వంటింటి పూతల్ని కూడా తెలుపు మాట నుంచి విడదీసి చూద్దాం.

ఈ అలవాటు మనకు కొత్తది కాదు. భోగి నాడు, నరక చతుర్దశి నాడు, ఉగాది నాడు తలంట్లు పోసుకునేటప్పుడు సున్నిపిండి ఉండాల్సిందే. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నలుగు పెట్టాల్సిందే. పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు ఎండబెట్టి, మర పట్టించి, జల్లించి డబ్బాలో పోసుకునేవారు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం పాళ్లు.

అయితే నలుగులో వరుస ఒకటి ఉంది, గమనించండి. ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టిస్తారు. అది కాసేపు నాననిస్తారు. ఆ తర్వాతే సున్నిపిండి. పిండి ఆ నూనెను, దాంతోపాటు మురికిని పీల్చుకుంటుంది. ఒంటి మీద తడి ఆరకముందే నలిచి రాల్చేసి నీళ్లు పోస్తారు. చర్మానికి కావలసిన నూనె కొంత మిగిలే ఉంటుంది. ఇప్పటి ప్యాక్‌లో ఏమైందంటే, నూనె పోయింది, పిండి మిగిలింది. పెళపెళలాడేదాకా ఆరబెట్టడం కొత్తగా వచ్చింది. నిమ్మరసం వచ్చి చేరింది. నాయనమ్మల కాలం నాటిదే కదా అని వేసుకుంటున్నాం గానీ, నాయనమ్మలు చేసిన పద్ధతి అది కాదు. కడిగాక ముఖం బిగుసుకుపోవడం, పొట్టు లేవడం, మంట పుట్టడం లాంటి ఇబ్బందులు చాలావరకు ఈ తేడాలోంచే వస్తాయి.

ఎందుకు వస్తాయో తెలియాలంటే చర్మం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. మన చర్మానికి అన్నిటికంటే పైనున్న పొర కాగితం కంటే పలచన. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీదొకటి సర్దినట్టు అందులో చదునైన మృతకణాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటి సందుల్లో కొవ్వు పదార్థాలు ఉంటాయి. లోపలి తడి బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపాడేది ఈ కప్పే. కింద పుట్టిన కొత్త కణం పైకి చేరి రాలిపోవడానికి దాదాపు 4 వారాలు పడుతుంది. అంటే మృతకణాలు వాటంతట అవే రాలుతూ ఉంటాయి. పూత ఆ పనికి కాస్త సాయం చేస్తే చాలు, కప్పు మొత్తం పీకనక్కర్లేదు.

రెండో ముక్క. చర్మం పైభాగం కొంచెం పుల్లన. అంటే ఆమ్ల గుణం కలది. 1928లో షాడే, మార్కియోనీని అనే ఇద్దరు జర్మన్ వైద్య శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి ఆమ్ల కవచం అని పేరు పెట్టారు. పీహెచ్ లెక్కలో 7 అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. అంకె తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం సుమారు 4.5 నుంచి 5.5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దాకా పోతుంది. సబ్బుతో రుద్దిన ముఖం చర్రుమని లాగినట్టు ఉండటానికి ఇదొక కారణం.

పీహెచ్ కొలిచే పనిముట్లు ఇంట్లో ఎక్కడుంటాయి అంటారేమో. పోపుల పెట్టెలోనే ఉంది. తెల్ల చీర మీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్లు అవుతాయి. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది, ఆమ్లంలో పచ్చగానే ఉంటుంది. కాబట్టి చిన్న పళ్లెంలో చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, మీరు ముఖానికి పెట్టదలచుకున్నది ఒక చుక్క వేసి చూడండి. పెరుగు వేస్తే పచ్చగానే ఉంటుంది. తేనె వేసినా అంతే. వంటసోడా కలిపిన నీళ్లు వేయండి, ఎర్రబారుతుంది. పసుపును ఎర్రబరిచేది ఏదైనా ముఖానికి వద్దు. లెక్క అంత సులువు.

ఇక సరుకుల దగ్గరికి వద్దాం.

జిడ్డు తీసేవి పిండ్లు, మట్టి. శనగపిండి, పెసరపిండి మెత్తగా ఉండి నూనెను పీల్చుకుంటాయి. పప్పుధాన్యాల్లో సపోనిన్లు అనే నురగ పదార్థాలు కొద్దిగా ఉంటాయి, మురికి వదలడానికి అవీ సాయపడతాయి. మట్టి విషయానికొస్తే ముల్తానీ మట్టి. ముల్తాన్ ఇప్పుడు పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో ఉంది. మన దేశంలో రాజస్థాన్‌లోని బాడ్మేర్ వైపు ఈ రకం మట్టి తవ్వుతారు. ఒకప్పుడు గొర్రె ఉన్నిలోని జిడ్డు వదిలించడానికి నేతపనివాళ్లు ఇలాంటి మట్టినే వాడేవారు. ఉన్ని జిడ్డునే వదిలించే మట్టి, మరి పొడిబారిన ముఖం మీద వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. జిడ్డు చర్మం ఉన్నవాళ్లకే అది.

మృతకణాలను సడలించేది పెరుగు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లాన్ని పులిసిన పాల నుంచి 1780లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే వేరు చేశాడు. చర్మ వైద్యులు ముఖం పై పొర తీయడానికి ఇదే ఆమ్లాన్ని చాలా గాఢంగా వాడతారు. మన ఇంటి పెరుగులో అది సుమారు 1 శాతం ఉంటుంది. కాబట్టి పని నెమ్మదిగా జరుగుతుంది, ప్రమాదమూ తక్కువ. పెరుగు మరీ పుల్లగా ఉంటే వద్దు, కమ్మని పెరుగు చాలు.

తడి నిలిపేవి తేనె, మీగడ, కలబంద. తేనెలో నీరు 20 శాతం లోపే, మిగిలినదంతా దాదాపు చక్కెరలే. అవి చుట్టూ ఉన్న తడిని పట్టి ఉంచుతాయి. మీగడలోని వెన్న చర్మం మీద పలచని పొరగా నిలిచి తడి ఆవిరి కాకుండా ఆపుతుంది. కలబంద విషయంలో ఒక జాగ్రత్త. మట్ట కోయగానే తొక్క కింద నుంచి పసుపుపచ్చని చేదు జిగురు కారుతుంది. అది చర్మానికి దురద పెడుతుంది. మట్టను నిలువుగా ఒక పావుగంట నిలబెట్టి అది కారిపోయాక కడిగి, తొక్క తీసి, లోపలి తెల్లని గుజ్జు మాత్రమే తీసుకోండి.

ఇప్పుడు కొలతలు. అన్నీ టీ చెంచాతోనే.

జిడ్డు ముఖానికి: ముల్తానీ మట్టి 2 చెంచాలు, అందులో ముద్ద కలిసేటంత పన్నీరు, అంటే గులాబీ నీళ్లు. పన్నీరు లేకపోతే మామూలు మంచినీళ్లు చాలు. మళ్లీ చెబుతున్నాను, మట్టి 2 చెంచాలు, పన్నీరు తగినంత.

జిడ్డూ పొడీ కాని మామూలు ముఖానికి: శనగపిండి 2 చెంచాలు, కమ్మని పెరుగు 2 చెంచాలు, పసుపు చిటికెడు. చిక్కగా ఉంటే ఒకటి రెండు చుక్కల నీళ్లు.

పొడి ముఖానికి: పెసరపిండి 1 చెంచా, మీగడ 1 చెంచా, తేనె 1 చెంచా. దీన్ని పూసే ముందు రెండు చుక్కల నువ్వుల నూనె ముఖానికి రాసుకుంటే పాత నలుగు వరుసే తిరిగి వస్తుంది. మొటిమలు వచ్చే ముఖమైతే మాత్రం నూనె, మీగడ వద్దు. కొబ్బరినూనె అసలు వద్దు, మొటిమలున్నవాళ్లకు అది రంధ్రాలు మూసి ఇంకా పెంచుతుంది.

వేసుకునే పద్ధతి. ముఖం ముందు నీళ్లతో కడగండి. కళ్ల చుట్టూ, పెదవుల మీద వదిలేసి పలచగా పూయండి. 10 నిమిషాలు ఉంచండి. అంచులు ఆరడం మొదలై, మధ్యలో ఇంకా తడిగా ఉండగానే కడిగేయాలి. నవ్వితే పగుళ్లిచ్చేదాకా ఉంచారంటే, మట్టి జిడ్డుతో ఆగకుండా చర్మంలో ఉన్న తడిని కూడా లాగుతోందన్నమాట. కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్లు చల్లి మెత్తబరిచి వేళ్లతో తీయండి. ఎండిన పిండిని గీకకండి. మెత్తని గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రోజూ వాడే మాయిశ్చరైజర్ రాసుకోండి. వారానికి ఒకసారి చాలు, రెండుసార్లు మించి వద్దు.

పసుపు గురించి విడిగా చెప్పాలి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు మన నేల మీదే ఉన్నాయి కాబట్టి పసుపు అంటే మనకు ఒకింత గర్వం, ఒకింత నమ్మకం. గాయానికి పసుపు అద్దడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన వైద్యం. 1995లో దానిమీద అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి సవాలు చేస్తే 1997లో దాన్ని రద్దు చేశారు. అంత చరిత్ర ఉన్న సరుకే. కానీ ముఖానికి చిటికెడు మించి అక్కర్లేదు. ఎక్కువైతే చర్మం పచ్చగా మిగులుతుంది, కొందరికి దద్దురు కూడా వస్తుంది. పైగా కొన్న పొడిలో రంగు కల్తీ ఉండొచ్చు. సీసం ఉన్న రంగులు కలిపిన పసుపు ఈ ఉపఖండంలో పట్టుబడిన సందర్భాలున్నాయి. గాజు గ్లాసు నీళ్లలో ఒక చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీళ్లకు లేత పసుపు రంగే ఇస్తుంది. నీళ్లంతా గాఢంగా పచ్చబడితే అనుమానించండి. కొమ్ములు కొని దంపించుకుంటే ఆ బెంగే లేదు. కస్తూరి పసుపు వాడేవాళ్లకు ఒక గుర్తు: అసలైన కస్తూరి పసుపు దుంప లోపల లేత రంగులో, మంచి వాసనతో ఉంటుంది, ఒంటికి అంతగా రంగు అంటదు. ముదురు పసుపుపచ్చగా ఉండి చేతికి అంటుకుంటుంటే అది వంట పసుపే.

ఇప్పుడు వద్దనాల్సినవి.

మొదటిది నిమ్మరసం. పెరుగు పులుపే, నిమ్మ పులుపే కదా అనుకోవద్దు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో ఒక్కో అంకెకు పది రెట్లు తేడా. 5 దగ్గరున్న చర్మం కంటే 2 దగ్గరున్న రసం వెయ్యి రెట్లు ఎక్కువ ఆమ్లం. పసుపు పరీక్షలో నిమ్మ నెగ్గుతుంది, ఎందుకంటే ఆ పరీక్ష క్షారాన్నే పట్టుకుంటుంది. నిమ్మతో ఇంకో చిక్కు ఉంది. నిమ్మజాతి పళ్లలో, ముఖ్యంగా తొక్కల్లో, ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలు ఉంటాయి. అవి అంటిన చోట ఎండ పడితే బొబ్బలు లేచి, మానాక నెలల తరబడి నల్లమచ్చలు మిగిలిపోవచ్చు. మచ్చలు పోతాయని నిమ్మ రాసుకుంటే కొత్త మచ్చలు తెచ్చుకున్నట్టే.

ఎండ తగిలితే కాల్చే ఆ గుణం ఉన్న సరుకు మన సున్నిపిండిలోనూ ఒకటుంది. కొన్ని ఇళ్లలో బావంచాలు కలుపుతారు. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. బొల్లికి వైద్యం చేసేటప్పుడు ఈ జాతి మందును కొలిచి ఇచ్చి, చర్మానికి అతినీలలోహిత కాంతిని లెక్కప్రకారం పట్టిస్తారు. అంతటి శక్తి ఉన్న గింజ అది. వైద్యుడి చేతిలో మందు, మన చేతిలో లెక్కలేని పొడి. ముఖానికి వాడే పిండిలో బావంచాలు వేయకండి. బజార్లో కొన్న సున్నిపిండి అయితే అట్ట మీద ఏమేం ఉన్నాయో చదవండి.

వంటసోడా సంగతి పసుపే చెప్పేసింది. టూత్‌పేస్టు పళ్లకు చేసినది, మొటిమ మీద పెడితే చర్మం కాలి మచ్చ పడొచ్చు. దాల్చినచెక్క పొడి, వెల్లుల్లి రసం కూడా చర్మాన్ని కాలుస్తాయి. పచ్చి బొప్పాయి పాలు దద్దురు పుట్టిస్తాయి. బాగా పండిన గుజ్జు అయితే పరవాలేదు. పంచదార పలుకులతో, ముతక బియ్యప్పిండితో ముఖం గరగరా రుద్దితే కంటికి కనపడని గీతలు పడతాయి. పచ్చి కోడిగుడ్డు తెల్లసొన ఆరి బిగుసుకుంటే ముడతలు పోయినట్టు అనిపిస్తుంది, కడగగానే ఆ బిగువూ పోతుంది. పైగా పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా క్రిములు ఉండే అవకాశం ఉంది. పెదవుల దగ్గర దాన్ని పూయడం ఎందుకు?

తినేదే కదా, ముఖానికి రాస్తే ఏమవుతుంది అనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి జపాన్ నుంచి ఒక జవాబు ఉంది. అక్కడ గోధుమ ప్రోటీన్‌ను విడగొట్టి కలిపిన ఒక ముఖం సబ్బు బాగా అమ్ముడైంది. రోజూ దాంతో ముఖం కడుక్కున్నవాళ్లలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. అంతకుముందు హాయిగా రొట్టె తిన్నవాళ్లకు తర్వాత తింటే దద్దుర్లు, ఉబ్బసం. 2011లో ఆ సబ్బును వెనక్కి తెప్పించారు. ఆహారాన్ని కడుపు ఒప్పుకున్నట్టు చర్మం ఒప్పుకోవాలని లేదు. అందులోనూ పగిలిన, గీసుకుపోయిన, గజ్జి ఉన్న చర్మం మీద పూతలు అసలు వేయకూడదు.

అందుకని కొత్త మిశ్రమం ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర పూసి, 10 నిమిషాల తర్వాత కడిగి, ఒకటి రెండు రోజులు చూడండి. ఎర్రబడకపోతే, దురద పెట్టకపోతే అప్పుడు ముఖానికి. కలిపినది ఏ పూటకాపూట వాడేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడొద్దు. అంగడి క్రీముల్లో క్రిములు పెరగకుండా మందు కలుపుతారు, మన గిన్నెలో అది లేదు. పొడి సరుకులు పొడిగా, తడి చెంచా తగలకుండా దాచుకోండి.

కొందరు పూతల జోలికే పోకూడదు. చీము మొటిమలు ఉన్నవాళ్లు, డాక్టరు రాసిన రెటినాయిడ్ క్రీములు వాడుతున్నవాళ్లు ఆ డాక్టరునే అడగాలి. పసిపిల్లల ముఖానికి వద్దు; వెంట్రుకలు రాలతాయని పసికందు నుదుటి మీద పిండి రుద్దితే ఆ లేత చర్మం ఒరుసుకుపోతుంది. ఇక మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని తెలుపు కోసం రాసుకునే స్టెరాయిడ్ క్రీముల సంగతి. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మానేస్తే మంట పుడుతుంది. ఇలాంటి ఎన్నో క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అలా దెబ్బతిన్న ముఖానికి శనగపిండి మందు కాదు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

రేపు ఎవరో ఫోన్లో కొత్త చిట్కా పంపిస్తారు, పంపకుండా ఉండరు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది జిడ్డు తీస్తుందా, మృతకణాలు వదిలిస్తుందా, తడి నిలుపుతుందా? మూడింటిలో ఏదీ కాకపోతే అక్కర్లేదు. పసుపును ఎర్రబరుస్తుందా? అయితే వద్దు. తింటే నోరు చుర్రుమంటుందా, పళ్లు పులుస్తాయా? అయితే ముఖానికీ వద్దు. ఈ మూడూ దాటిన సరుకు మోచేతి పరీక్ష కూడా దాటితే నిశ్చింతగా వేసుకోండి. పూత కంటే ముఖానికి ఎక్కువ మేలు చేసేది ఎండకు గొడుగు, సన్‌స్క్రీన్, కంటినిండా నిద్ర. అవి రోజూ ఉండాలి. పూత వారానికోసారి, 10 నిమిషాలు.